బాడుగ ఇంటి నిప్పు

మొన్న మా మనవడు కొత్త బాడుగ ఇంట్లో చేరాడు. కోయంబత్తూరు ఊరి చివర, వాడు పనిచేసే నూలు మిల్లుకు పోయే బాట పక్కన వరసగా కట్టిన పెంకుటిళ్ళలో అదొకటి. రమ్మని వాడు పిలవకముందే నేను బండెక్కి కూర్చున్నాను. కొత్త ఇల్లంటే ఈ వయసులో కూడా నా కాళ్ళు ఒకచోట నిలవవు. గుమ్మం దగ్గర ఇళ్ళు కుదిర్చే తరగరి నిలబడి, తాళంచెవి వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు. ఇల్లు ఎవరిదయ్యా అని అడిగాను. "ఎవరిదో పెద్దవాళ్ళదమ్మా, మదరాసులో ఉండారంట, నేనే ఇంకా చూడలే" అని నవ్వాడు. ఇల్లు గలవాడి మొహం చూడకుండా ఇంట్లో కాపురం పెట్టడం ఏమిటో! లోపల మనవడి పెళ్ళాం రాజమ్మ కొత్త పొయ్యికి పసుపు రాసి, పాలకుండ ఎక్కించి, కొంగున దాచుకున్న అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీయబోతుంటే నేను గబుక్కున దాని చెయ్యి పట్టుకున్నాను. పిల్ల ఉలిక్కిపడింది. ముసలిదానికి మతి పోయిందనుకుందేమో కూడా. ఎందుకు పట్టుకున్నానో చెప్పాలంటే మా తిమ్మవ్వ ఇంటి సంగతి చెప్పాలి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పొంగుతుంది.

మాది ఉడుమలైపేటకు దిగువన నల్లరేగడి నేల. మా నాయనకు కాస్త పొలం, రెండు బండ్లు, రెండు జతల ఎడ్లు. కుంపిణీ దొరతనం పోయి రాణి దొరతనం వచ్చిందని తప్పెట వేసి చాటారు గాని, మా ఊళ్ళో అందరూ ఇంకా కుంపిణీ అనే అనేవాళ్ళు. ఆ రోజుల్లోనే ఇనుప బాట వస్తున్నదని, పోదనూరు దగ్గర కట్ట పోస్తున్నారని, రాయి తోలడానికి ఎన్ని బండ్లున్నా చాలడం లేదని కబురు వచ్చింది. వరసగా రెండేళ్ళు పత్తి పురుగు తినేసి ఉండటంతో మా నాయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. "కోవైకి పోదాం" అన్నాడు ఒక సాయంత్రం సంగటి తింటూ. నేను చేతిలో ముద్ద వదిలేసి ఎగిరి గంతేశాను. కోయంబత్తూరు! అక్కడ ఇళ్ళకు తాటాకులు కాదు, పెంకులు ఉంటాయట. రాత్రుళ్ళు సంతలో దీపాలు ఉంటాయట. ఎడ్లు లేని బండి పొగ కక్కుతూ పరుగెత్తుతుందట. ఆ పూట నుంచి నా నోటికి మూత లేదు. కనబడిన మేకకల్లా ఆ వార్త చెప్పి వచ్చాను.

అందరికీ సరే గాని, మా అవ్వ ఒక్క మాటే అడిగింది. "నిప్పు ఎట్ల తీసుకపోయేది?" అవ్వ అంటే మా నాయన తల్లి. మా ఇంట్లో దేవుడి గూడు కంటే పొయ్యి గొప్పది. ఇప్పటి పిల్లలకు తెలియదు, అప్పట్లో నిప్పును పుట్టించడం కాదు, కాపాడుకోవడం ఉండేది. రాత్రి అన్నాలయ్యాక అవ్వ ఎర్రటి నిప్పుల మీద ఒక పిడక పెట్టి, దాని మీద బూడిద కప్పి, చంటిబిడ్డకు దుప్పటి కప్పినట్టు అరచేత్తో సర్దేది. పొద్దున్నే అమ్మ బూడిద తొలగించి ఊదితే లోపల నిప్పు కళ్ళు తెరిచేది. ఆ పిడక పొగ వాసన, పక్కనే రాత్రి నుంచీ కాగుతున్న ఉలవకట్టు వాసన కలిసి వస్తే తెల్లవారినట్టు మాకు లెక్క. కళ్ళు తెరవకముందే అవ్వ మంచం మీద నుంచి అడిగేది, "ఏమే నాగీ, నిప్పుండాదా?" అని. "ఉండాది అత్తా" అని అమ్మ చెప్పేది. అప్పుడే అవ్వ కాళ్ళు కింద పెట్టేది. ఆ నిప్పు మామూలుది కాదని ఆమె వాదన. మా పెద్దలు తుంగభద్ర దాటి ఈ అరవ దేశానికి దిగినప్పుడు కుండలో మోసుకొచ్చిన నిప్పు అది, అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తూ ఇన్ని తరాలు ఆరలేదు. ఆ మాట చెప్పేటప్పుడు అవ్వ వెన్ను నిటారుగా అయ్యేది. విన్నవాళ్ళు దండం పెట్టేవాళ్ళు కూడా.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు గాని, బాడుగ ఇల్లు వెతికి చూడమని ఎందుకు అనలేదో! మా నాయన ముందుగా వెళ్ళి కోవైలో కాళ్ళరిగేలా తిరిగాడు. తరగరులు చూపించిన ఇళ్ళలో ఎద్దులకు చోటుంటే మనుషులకు లేదు, మనుషులకుంటే ఎద్దులకు లేదు. చివరికి ఊరికి తూర్పున ఒక పేటలో, ఎడ్లకు నీళ్ళు పెడదామని ఒక బావి దగ్గర ఆగాడు. అరుగు మీద కూర్చుని పత్తి గింజలు తీస్తున్న ఒక ముసలామె పని ఆపి, మా నాయనను కాదు, ఎడ్లను చూసింది. లేచి వచ్చి, కాడి పక్కకు జరిపి, రెండు ఎడ్ల మెడలూ తడిమింది. "పుండు లేదు" అంది మన తెలుగులోనే. "ఎద్దు మెడ మింద పుండు లేకుంటే పెళ్ళాం మెడ మింద కూడా ఉండదు. ఏమబ్బా, ఇల్లు కావాలనా తిరగతా ఉండావు?" ఆమే తిమ్మక్క, తర్వాత నాకు తిమ్మవ్వ. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. వెనక భాగంలో తానుండి, ముందు భాగం బాడుగకిచ్చేది. తరగరిని గడప తొక్కనిచ్చేది కాదు. నా ఇంట్లో ఎవరుండాలో నడిమధ్యన వాడెవడు చెప్పేదానికి అనేది. బాడుగ మాట చివర్లో ఒక్క ముక్కలో తేలిపోయింది. ఆమె పట్టుబట్టిన నిబంధన ఒక్కటే, "మా పొయ్యి నిప్పే మీ పొయ్యికి." మా నాయన "దానికేముందిలే అక్కా" అనేశాడు.

అదీ మగవాళ్ళ సంగతి! ఎద్దు గిట్టలో ముల్లుంటే నడక చూసి చెప్పేవాడు, ఇంట్లో నిప్పు గురించి తల్లి ఏమంటుందో ఆలోచించలేదు. ఊరికి తిరిగి వచ్చి పెంకుల గురించి చెప్పాడు, బావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయన్నాడు, ఎడ్ల కొట్టానికి రాతి గచ్చు ఉందని రెండుసార్లు చెప్పాడు. ఆ నిబంధన మాట మటుకు మరిచేపోయాడు.

ప్రయాణం రోజు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ముందు బండి నిండా సజ్జ చొప్ప, దాని మీద మెత్తగా అవ్వ. మోకాళ్ళ నొప్పి మనిషి కదా. చొప్ప పక్కన నిప్పు పెట్టకూడదు గనుక నిప్పుకుండ వెనక బండిలో అమ్మ ఒళ్ళో ఉంది. ఆ బండి తోలేది మా పాలేరు, అతనికి వినికిడి తక్కువ. కుండ అడుగున బూడిద, దాని మీద పిడక నిప్పు, పైన మళ్ళీ బూడిద, మూతకు చిన్న చిల్లి. బండి ఎక్కడ ఆగినా ముందు నుంచి కేక వచ్చేది, "నాగీ, నిప్పుండాదా?" అమ్మ మూత కాస్త ఎత్తి చూసి, "ఉండాది అత్తా!" అని తిరిగి కేక వేసేది. నేను బండి వెనక పలక మీద కూర్చుని కాళ్ళూపుతూ, పోయే కొండలకీ కొబ్బరి తోటలకీ మేం కోవైకి పోతున్నామని చాటుతూ ఉన్నాను.

మధ్యలో ఒక వాగు. ఎగువన వాన పడిందేమో, నీళ్ళు ఎర్రగా, అనుకున్నదానికంటే లోతుగా ఉన్నాయి. ముందు బండి దాటి మలుపు తిరిగింది. మాది నడుమకు వచ్చేసరికి ఒక చక్రం గుంటలో దిగి బండి ఒక్కసారిగా ఒరిగింది. అమ్మ ఒక చేత్తో నన్ను పట్టుకుంది. రెండో చేతిలో కుండ వాలి, నీళ్ళు లోపలికి పోయి 'సుయ్' మంది. ఆ చప్పుడు అంతే. ఎడ్లు బండిని లాగి ఒడ్డెక్కించాయి. మూత తీసి చూస్తే లోపల నల్లటి ముద్ద. అమ్మ మొహం పాలిపోయింది. తుంగభద్ర నుంచి వచ్చిన నిప్పు ఆమె చేతిలో చచ్చిపోయింది. నా వైపు చూసి, పెదవి మీద వేలు పెట్టింది. నేను తలూపాను. ఆ రోజు నా నోటికి మొదటిసారి మూత పడింది.

వాగు దాటాక బాట పక్కన ఒక కమ్మరి కొలిమి ఉంది, బండి చక్రాలకు పట్టాలు వేస్తున్నాడు. అమ్మ బండి దిగి, కుండలో తడి బూడిద గుమ్మరించి, కొంగుతో తుడిచి, కమ్మరి ముందు నిలబడింది. ఏమడిగిందో నాకు వినబడలేదు. అతను ఒక్కసారి ఆమె మొహం చూసి, పట్టకారతో ఎర్రటి బొగ్గులు తీసి కుండలో వేశాడు, పొడి బూడిద కూడా తానే చల్లాడు. మేం మళ్ళీ బండెక్కాం. సత్రం దగ్గర ముందు బండిని కలుసుకోగానే అవ్వ దిగి వచ్చింది. "నిప్పుండాదా?" అమ్మ గొంతు వణికింది, "ఉండాది అత్తా." అవ్వ మూత ఎత్తి, ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా ఒక ఊపిరి ఊదింది. నిప్పు ఎర్రగా మెరిసింది. అవ్వ మూత పెట్టేసి, "బాగుండాది" అని వెళ్ళి మళ్ళీ చొప్ప మీద కూర్చుంది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు నొక్కుకుపోయి గుర్తులు పడ్డాయి.

తిమ్మక్క ఇల్లు మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంబరం ఇన్నేళ్ళలో మళ్ళీ కలగలేదు. పెళ్ళినాడు కూడా కలగలేదు, మా ఆయన లేడు గనుక ధైర్యంగా రాస్తున్నాను. ఎర్రటి పెంకులు, ముందు నున్నటి అరుగు, అరుగు మీద నలుగురు పడుకోవచ్చు. లోపల నడవ, నడవలో వెలుగు పడేలా పైకప్పులో ఒక చదరం తెరిచి ఉంది. అటక ఎక్కడానికి నిజం నిచ్చెన! బండి ఆగకముందే దూకి, లోపలికి పరుగెత్తి, నిచ్చెన ఎక్కి దిగి, బావిలోకి తొంగి చూసి "ఓ" అని అరిచాను. బావి కూడా "ఓ" అంది. వంటింట్లో గోడకు నడుమ ఒక గూడు ఉంది, చెయ్యి పెడితే అవతలికి వెళ్ళింది. అవతల ఇంకో వంటిల్లు, తిమ్మక్కది. ఆ గూడు అంచులంతా మసితో నల్లగా ఉన్నాయి. ఇదంతా మాదే అని నేను ఎగురుతుండగా వాకిట్లో గొంతులు లేచాయి.

బయటికి వచ్చి చూస్తే గడపకు అటు తిమ్మక్క, ఇటు అవ్వ. తిమ్మక్క చేతిలో పెంకు ముక్క, దాని మీద తన పొయ్యి నిప్పు. అవ్వ చేతిలో మా కుండ. ఇద్దరూ గడప దాటడం లేదు.

"మా నిప్పు మాకుండాది తల్లీ" అంది అవ్వ. "తుంగభద్ర కాడి నించి వచ్చిండాది. దాన్ని పారబోసి పరాయి నిప్పు పెట్టుకునేదానికి నేను ఊరికే చుమ్మా రాలే."

"నీ కొడుకు ఒప్పుకుని కదా పొయ్యె! నా ఇంట్ల నా నిప్పే మండాల" అంది తిమ్మక్క. "గోడలో గూడు ఎందుకుండాదనుకుంటివి? నా మొగుడు పెట్టించె. ముందరింటికీ వెనకింటికీ నిప్పు ఆ దోవలోనే పోవాల. ముందుండిన వాళ్ళు కూడా ఇట్లే, మా నిప్పు మాకుండాదని గూడులో మన్ను కొట్టిరి. నాకు జొరం వచ్చి లేవలేకుండా పడుకుంటిని. నా పొయ్యి చల్లగా ఉంటే అడిగేదానికి ఒక మనిషి లేదు. ఎవురి నిప్పు వాళ్ళకుంటే ఎవురి చావు వాళ్ళే చావాల. సరి, అట్లయితే బండి తిప్పుకోండి."

మా నాయన కుక్కిన పేనులా నిలబడ్డాడు. తెల్లవారేసరికి ఎడ్లు కట్ట దగ్గర లేకపోతే మేస్త్రీ ఆ పని ఇంకో బండికి ఇచ్చేస్తాడు. ఆ పూట వేరే ఇల్లు దొరకదు. ఊళ్ళో పొలం అప్పటికే అన్నదమ్ములకు కౌలుకిచ్చి వచ్చాం. అవ్వకు ఇవన్నీ తెలుసు. అయినా గడప దగ్గర కుండ పొట్టకు ఆనించుకుని నిలబడే ఉంది. నాకేమో గొంతు చించుకుని చెప్పాలని ఉంది, "అవ్వా, అది కమ్మరి నిప్పే, పారబొయ్యి, మనకు నిచ్చెన ఉంది, బావి ఉంది!" అని. పెదవులు బిగపట్టుకుని అమ్మ వైపు చూశాను. ఆమె కాలుగాలిన పిల్లిలా బండికీ గడపకీ మధ్య తిరుగుతోంది. చివరికి అవ్వ ముంజేయి పట్టుకుని బండి చాటుకు తీసుకువెళ్ళింది. నేను చక్రం పక్కన దూరాను. ఎవరూ పొమ్మనలేదు.

"అత్తా, కొట్టినా పడతాను" అంది అమ్మ. "ఆ కుండలో ఉండేది మన నిప్పు కాదు. వాగులో నీళ్ళు పడి ఆరిపోయె. కమ్మరాయన కొలిమిలోనించి తెస్తిని."

అవ్వ కుండ కింద పెట్టి, బండి నొగకు ఆనుకుని, మోకాలు రుద్దుకుంది. తర్వాత, "తెలుసు" అంది.

"ఎప్పుడు తెలిసె?"

"సత్రం కాడ మూత తీస్తిని కదా. పిడక నిప్పుకీ కొలిమి బొగ్గుకీ వాసన తెలీదా నాకు? పుట్టిందాది ఊదతానే ఉండాను."

అమ్మ అడిగింది, "మరి తెలిసీ ఆయమ్మతో ఇంతసేపు ఎందుకు పోట్లాడితిరి?"

"గమ్మున సరి అనేస్తే, నాకు తెలిసిపోయిందని నీకు తెలిసిపోదా?" అంది అవ్వ విసుగ్గా, ఇంత చిన్న సంగతి కూడా విప్పి చెప్పాలా అన్నట్టు. "పావం, సత్రం కాడ ఒకటే వణకతా ఉంటివి."

ఆ తర్వాత అవ్వ చెప్పినది నేను ఎన్నడూ మరవలేదు. ఆమె కోడలిగా వచ్చిన ఏడు తుపాను వాన పట్టి ఇల్లంతా కురిసి పొయ్యి నీళ్ళతో నిండిపోయిందట. తెల్లవారేలోగా ఎవరికీ తెలియకుండా చాకలి ఇంటి బాన పొయ్యిలోంచి నిప్పు తెచ్చి పెట్టిందట. "మా అత్త లేచి వచ్చి ఊదె. నా మొగం చూసె. 'నిప్పు బాగుండాది' అనె. అంతే. బతికినన్ని దినాలూ ఆ మాట ఎత్తలే. ఆమె కోడలుగా వచ్చినప్పుడు ఏమి జరిగెనో, ఆమె అత్త ఏమి చూసెనో, ఎవురికి తెలుసు? నిప్పంటే ఆరిపోయేదే నాగీ. ఆరిపోతాది, మళ్ళీ తెస్తాము." అలా అని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మొదట పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. అమ్మకు ఏడుపు వచ్చి, అది సగంలోనే నవ్వైపోయింది. అత్తాకోడళ్ళు బండి చాటున కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే నేనూ నవ్వాను, నన్ను ఎవరూ ఆపలేదు. ఇంటి గలామెకు ఆ నవ్వు ఏడుపులా వినబడిందట. చాలా రోజుల తర్వాత చెప్పింది, "పావం, ముసిలిదాన్ని ఎంత ఏడిపిస్తినో అనుకుంటిని" అని.

అవ్వ కళ్ళు తుడుచుకుని, మొహం మళ్ళీ గంభీరంగా పెట్టుకుని, కుండ ఎత్తుకుని గడప దగ్గరికి వచ్చింది. "తల్లీ తిమ్మక్కా, నీ మాట కాదనలేను, మా పెద్దల నిప్పు పారబోయలేను. ఒకటి చేస్తాము. నీ నిప్పు నా పొయ్యికి ఇయ్యి. నా నిప్పు నువ్వు నీ పొయ్యిలో పెట్టుకో. గూడు తెరిచే ఉండనీ." తిమ్మక్క అవ్వను చూసింది, కుండను చూసింది. తుంగభద్ర నిప్పు తన పొయ్యికి! ఆమె కళ్ళు చెమర్చాయి. పెంకు ముక్క అవ్వ చేతికిచ్చి, కుండ రెండు చేతులా అందుకుని, తలకు ఆనించుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరో కమ్మరి నిప్పును మా అవ్వ తరతరాల నిప్పుగా దానం చేసేసింది. అమ్మ తల వంచుకుని మెటికలు విరుచుకుంటోంది. నాకు తెలుసు ఆమె ఏం ఆపుకుంటోందో. ఆ పూటే మేం గడప దాటాం, తెల్లవారేసరికి మా ఎడ్లు కట్ట దగ్గర రాయి తోలుతున్నాయి.

ఆ నిప్పు గురించి తిమ్మక్క పేటంతా చాటింది. పండగొస్తే నాలుగిళ్ళవాళ్ళు పెంకు ముక్కలు పట్టుకుని వచ్చి ఆ 'పెద్దల నిప్పు' తీసుకువెళ్ళేవాళ్ళు. అవ్వ అరుగు మీద కూర్చుని దీవించేది, ఒక్కసారి కూడా కనురెప్ప వాల్చలేదు. ఇంతకీ తిమ్మక్క మాకిచ్చిన నిప్పు ఎక్కడిదో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఏం కథ బయటపడేదో!

ఆ ఇంట్లో మేమున్నది కట్ట పూర్తయి ఇనుప బాట పడేదాకా. కాని నా చిన్నతనం అంతా అక్కడే గడిచినట్టు అనిపిస్తుంది. పొద్దున్నే గోడ గూట్లోంచి తిమ్మవ్వ గొంతు వచ్చేది, "ముందరింటోళ్ళా, నిప్పుండాదా?" అవ్వ మంచం మీద నుంచే, "ఉండాది, నీకుండాదా?" అనేది. రెండు పొయ్యిల్లోనూ నిప్పు ఉన్న రోజుల్లో కూడా ఆ మాట ఆగేది కాదు. ఒక పూట ఏ గొంతైనా నీరసంగా వస్తే మధ్యాహ్నానికి ఇటు నుంచి మిరియాల చారు వెళ్ళేది. ఆ గూట్లోంచి నిప్పు వచ్చింది, పచ్చళ్ళు వచ్చాయి, మా తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకు బాలింత కాయం వచ్చింది, వేడి సంగటి ముద్ద మీద నెయ్యి వేసి నా ఒక్కదానికే వచ్చింది. ఈ అక్షరాలు కూడా అక్కడివే. మన ఇళ్ళలో తెలుగు నోటితోనే గాని చేతికి రాదు. తిమ్మవ్వకు తన తండ్రి నేర్పాడట. ఆమె అరుగు మీద బూడిద పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించేది. పొయ్యి బూడిదే. వేలికి కాస్త వెచ్చగా తగిలేది.

రైలు వచ్చిన రోజు పేట పేటంతా పోదనూరుకు కదిలింది. మా బండిలో ముందు అవ్వ, పక్కన తిమ్మవ్వ, ఇద్దరూ పట్టుచీరలు. తోలినది మా నాయన, తానే ఆ బాట వేసినంత గొప్పగా. ఇంజను అరుపుకు ఎడ్లు బెదిరి, జనం చెదిరి, నేను మాత్రం ఒళ్ళు తెలియని సంతోషంతో ముందుకు పరుగెత్తాను. ఇంజను ఆగింది. దాని కడుపు తలుపు తెరిచి ఒకడు పారతో బొగ్గు వేస్తున్నాడు. లోపల అంత నిప్పు! తిమ్మవ్వ దండం పెట్టింది. అవ్వ దగ్గరికి పోయి, మసి కొట్టుకున్న ఆ మనిషిని గట్టిగా అడిగింది, "ఏమప్పా, ఈ నిప్పు ఎవురింటి నించి తెస్తివి?" అతను అరవంలో ఏదో అని నవ్వాడు. అవ్వ ముక్కు ఎగబీల్చి, అమ్మ వైపు తిరిగి, "కొలిమి బొగ్గే" అంది.

మేం ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు తిమ్మవ్వ కుండలో నిప్పు పెట్టి ఇచ్చింది. వాగు దగ్గర అవ్వ ముందు బండి ఎక్కలేదు. అమ్మ పక్కనే కూర్చుని, కుండకు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి. ఆ నిప్పు ఊరు చేరింది. తర్వాత ఎన్నిసార్లు ఆరిందో, ఎన్నిసార్లు ఎక్కడి నుంచి తెచ్చామో నన్నడగకండి. నేనూ ఒక ఇంటికి కోడలిగా వెళ్ళినదాన్నే.

ఇప్పుడు ఇళ్ళు బాగున్నాయి. మనవడి ఇంటికి సున్నం ఉంది, కిటికీకి ఊచలున్నాయి, గోడలు గట్టివి. గోడలో గూడు మాత్రం లేదు. ఇల్లు గలవాడు మదరాసులో, తాళంచెవి తరగరి వేలికి, నిప్పు కొంగున. ఎవరి గుమ్మం తొక్కకుండా కాపురం మొదలుపెట్టవచ్చు. అది సుఖమే, నేను కాదనను. తుపాను వాన రాత్రి ఒక్క పుల్ల ఉంటే మా అవ్వ చాకలి ఇంటిదాకా తడుస్తూ పోయేది కాదు. కాని ఆ చాకలామెకూ మా అవ్వకూ చచ్చేదాకా నడిచిన స్నేహం కూడా ఉండేది కాదు.

అందుకే రాజమ్మ చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని నా బొడ్లో దోపుకున్నాను. పెరట్లో విరిగిన పెంకు ముక్క ఒకటి తెచ్చి దాని చేతిలో పెట్టాను. "పక్కింటికి పోయి నిప్పు అడిగి తే."

"ఎవురో ఏమో అవ్వా, పేరు కూడా తెలీదే!"

"నిప్పు అడుగు. పేరు అదే వస్తాది."

గొణుక్కుంటూ వెళ్ళింది. పొయ్యి మీద పాలు చల్లగా కూర్చున్నాయి. తరగరి విసుక్కుని వెళ్ళిపోయాడు. మనవడు ఒకటికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాజమ్మ రాలేదు. వచ్చేటప్పుడు మటుకు దాని మొహం వెలిగిపోతోంది. పక్కింటామెది బోడినాయకనూరట, ఇంట్లో తెలుగేనట, ఆమె మొగుడిదీ అదే మిల్లట, చంటిబిడ్డట, వీధి చివరి బావి ఉప్పట, మూల మీది బావి తీపట, సాయంత్రం మాకు ఏలకులు తెచ్చిస్తానందట. ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. నేను పెంకు ముక్కలోకి చూశాను. అంతా తెల్లటి బూడిద. నిప్పు ఎప్పుడో చచ్చిపోయింది. రాజమ్మ కూడా అప్పుడే చూసుకుంది. ఒక్కసారిగా దాని మొహం ఎలా అయిందంటే, వాగు ఒడ్డున మా అమ్మ మొహం మళ్ళీ చూసినట్టు అయింది నాకు.

"అవ్వా, నిప్పు దొరికెనా?" మనవడు వాకిట్లోంచి కేక వేశాడు.

నేను పెంకు ముక్క అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మెల్లగా ఊదాను. "బాగుండాదిరా!" అని తిరిగి కేక వేసి, బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి రాజమ్మ అరచేతిలో పెట్టాను.